మూలప్రతి ఏడుకొండలు

పేరలపాడు పురపాలక సంఘంలో ముప్ఫై ఆరేళ్ళు కేబుల్ జాయింటరుగా పనిచేసి రిటైరైన ఏడుకొండలుకు జ్వరం రావడం అరుదు. వచ్చినా వేళ చూసుకుని వచ్చేది. ఈసారి మాత్రం రాకూడని రోజున వచ్చింది.

భూమిలో తెగిన కేబుళ్ళను వెతికి పట్టుకుని, కొసలు శుభ్రం చేసి, అతికించి, మళ్ళీ మట్టి కప్పడం అతని ఉద్యోగం. రిటైరై నెల దాటినా సరే, ఊళ్ళో ఎవరు గుంట తవ్వాలన్నా ముందు అతని గుమ్మం ముందుకే వచ్చేవాళ్ళు. కుళాయి గొట్టానికైనా అంతే, పెళ్ళి పందిరి గుంజకైనా అంతే. ఏడుకొండలు వెళ్ళి, నేలను అటూ ఇటూ పారజూసి, "ఈడ కరెంటుది పోతంది, ఆడ ఫోనుది ఉంది. నువ్వు మూరెడు పక్కకు జరిగి తవ్వుకో" అనేవాడు. అలా మూరెడు జరిగి తవ్వుకున్నవాళ్ళెవరూ చెడిపోలేదు.

ఆ రోజు అతను దుప్పటి కప్పుకుని మిరియాల కషాయం తాగుతుండగా, గడియార స్తంభం దగ్గర నిఘా కెమెరాల కోసం ఓ కాంట్రాక్టరు మనుషులు అతన్ని అడక్కుండానే గుంట తీశారు. మూడో గడ్డపార పోటుకు ఊళ్ళో ఇంటర్నెట్ తెగిపోయింది.

సరిగ్గా అప్పుడే పురపాలక సంఘం సమావేశ మందిరంలో శాఖ మంత్రిగారు వీడియోలో కమిషనరు అనంతపద్మనాభంగారిని ఏదో అడుగుతున్నారు. ప్రశ్న సగంలో ఆగింది. తెర మీద మంత్రిగారు కుడి కన్ను మూసి, నోరు తెరిచి, చూపుడు వేలు ఎత్తి అలాగే ఉండిపోయారు. మంత్రిగారు కదలడం లేదంటే ఆగ్రహించి ఉంటారని కమిషనరుగారు లేచి నిలబడ్డారు. ఆయన లేచాక మిగతా పద్నాలుగు మందీ కూర్చుని ఉండలేరు గదా, వాళ్ళూ లేచారు.

అరగంట గడిచింది.

"సార్, లైను పోయిందేమో" అన్నారు ఇంజినీరుగారు పెదవులు కదపకుండా.

"పోకపోతే?" అన్నారు కమిషనరుగారు, తామూ పెదవులు కదపకుండా.

రెండు గంటల నలభై నిమిషాలు అందరూ చేతులు కట్టుకుని నిలబడ్డారు. మధ్యలో ఆరోగ్యాధికారిగారికి కళ్ళు తిరిగాయి. ఆయన ముందు తెరకు నమస్కారం పెట్టి, ఆ తరవాతే పడిపోయారు. చివరికి కరెంటు పోయి తెర నల్లబడ్డాక అందరూ కూర్చున్నారు. కూర్చోగానే కమిషనరుగారు విచారణకు ఆదేశించారు.

"ఈ పట్టణ భూగర్భ పటం ఎక్కడ?"

రికార్డు కీపరు సుగుణాకరరావు చెమటలు తుడుచుకుంటూ ఓ రేకు డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో ఒక్క ఫైలు కూడా పోగొట్టని మనిషి అతను. పోయిందేమో అని ప్రతి సాయంత్రం భయపడేవాడు కూడా. డబ్బా తెరిచారు. లోపల పటం లేదు. పటాన్ని తిన్న చెదలు కూడా లేవు, అవీ కాలం చేసి ఏళ్ళయినట్టుంది. అడుగున ఓ చీటీ మాత్రం ఉంది. పూర్వపు కీపరు ఎవరో పెన్సిలుతో రాసింది: "పటము కావలసినవారు ఏడుకొండలును చూడవలెను." కింద సంతకం, తేదీ, గుండ్రటి ముద్ర.

"ముద్ర ఉందా?" అన్నారు కమిషనరుగారు.

"ఉందండి."

"అయితే ఇది అధికారిక పత్రమే" అన్నారాయన, ముఖం వికసించింది. "పటం కావలసినవారు ఏడుకొండలును చూడవలెను. ఏడుకొండలును అడగవలెను అని లేదు, గమనించారా? చూడవలెను. అంటే ఏమిటి? చూడవలసిన వస్తువు ఏడుకొండలే!"

సాయంత్రానికల్లా ఉత్తర్వు వెలువడింది. "ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, పట్టణ భూగర్భ పటము అందుబాటులో లేనందునను, తత్సంబంధిత సమాచారము యావత్తు ఏడుకొండలు అను విశ్రాంత ఉద్యోగి శిరస్సునందు నిక్షిప్తమై యున్నందునను, సదరు ఏడుకొండలునే సదరు పటముగా గుర్తించి, శాశ్వత రికార్డు నంబరు ఒకటిగా నమోదు చేయడమైనది."

*

సన్మానమని కబురొస్తే ఏడుకొండలు ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాడు. ముప్ఫై ఆరేళ్ళలో అతనికి ఆఫీసులో కుర్చీ వేయడం అదే మొదటిసారి. శాలువా కప్పారు, దండ వేశారు. కమిషనరుగారు అతన్ని "మన పట్టణపు అమూల్య సంపద" అన్నారు. ఏడుకొండలుకు కళ్ళు చెమ్మగిల్లాయి. ఆ తడి కళ్ళతో చూస్తుండగానే సుగుణాకరరావు టేపు తెచ్చి అతని పొడవూ వెడల్పూ కొలిచి రిజిస్టరులో రాసుకున్నాడు.

"ఇదెందుకు సారూ?"

"రికార్డు సైజు రాసుకోవాల" అన్నాడు సుగుణాకరరావు. "చెయ్యి ఇటు పెట్టు."

ముంజేతి మీద ఠకీమని నీలం ముద్ర పడింది.

ఇంటికి వచ్చి చూపిస్తే భార్య మస్తానమ్మ ఆ ముద్రను కొంగుతో రుద్ది చూసింది. పోలేదు.

"పశువులకేస్తారయ్యా ఇట్టా" అంది.

"సన్మానమే! శాలువా చూడు."

"శాలువా బానే ఉంది. మన పూరీ ప్రయాణం సంగతేంది?"

ఇక్కడ ఆ ప్రయాణం సంగతి చెప్పాలి. పెళ్ళయిన కొత్తలో ఏడుకొండలు మస్తానమ్మకు సముద్రం చూపిస్తానన్నాడు. ఉత్త సముద్రం ఎందుకు, పూరీ జగన్నాథుడి రథయాత్ర చూపించి, ఆ చేత్తోనే సముద్రమూ చూపిస్తానన్నాడు. ఆ ఏడు పెద్ద కేబుల్ తెగింది. మరుసటి ఏడు వాన. ఆ పై ఏడు మూటాముల్లెతో బస్సెక్కి కూర్చున్నాక, మరెక్కడో తెగిందని కబురొస్తే ఏడుకొండలు ఒక్కడే కిటికీలోంచి దిగిపోయాడు. "నాకు సవతి ఉంది. అది భూమిలో ఉంది" అని మస్తానమ్మ ఇరుగమ్మతోనూ పొరుగమ్మతోనూ చెప్పుకునేది. రిటైరయ్యాక మొదటిసారి ఇద్దరికీ టికెట్లు తీశాడు. ఇంకా ఇరవై రోజులుంది.

"పోకేం, పోదాం" అన్నాడు ఏడుకొండలు. "నేనిప్పుడు సంపదను. సంపద అడిగితే సెలవియ్యరా?"

*

మర్నాడు పొద్దున్నే సుగుణాకరరావు నిబంధనల పుస్తకం చంకన పెట్టుకుని వచ్చాడు. శాశ్వత రికార్డు పదిన్నర నుంచి ఐదు దాకా రికార్డు గదిలో ఉండాలి. ఐదు తరవాత తెరవకూడదు.

"తెరవకూడదంటే?"

"అంటే కేబుళ్ళ గురించి మాట్లాడకూడదు. ఇంకోటి, రికార్డుకు తడి తగలకూడదు."

వంటింట్లోంచి మస్తానమ్మ బయటికొచ్చింది. "తడి తగలకూడదంటే? నీళ్ళు పోసుకోవద్దా?"

"నిబంధన అమ్మా."

"ఎండాకాలం సారూ ఇది. గదిలో పడుకునేది మీరు కాదు, నేను."

సుగుణాకరరావు ఇబ్బందిగా పుస్తకం తిరగేశాడు. ఆఖరికి ఓ దారి దొరికింది. అకాల వర్షాలకు తడిసిన రికార్డును సంరక్షకుడి సమక్షంలో ఆరబెట్టవచ్చునట. ఆనాటి నుంచి రోజూ ఉదయం తొమ్మిదింటికి ఏడుకొండలు పెరట్లో నీళ్ళు పోసుకునేవాడు. సుగుణాకరరావు గోడవైపు తిరిగి నిలబడి, ఆ తరవాత "తడిసి ఆరినది, అక్షరములు చెక్కు చెదరలేదు" అని రాసి, కొత్త ముద్ర వేసి తీసుకుపోయేవాడు.

రికార్డు గదిలో పురుగు పట్టకుండా అతని నాలుగు జేబుల్లోనూ కలరా ఉండలు వేశారు. వీధిలో నడిచి వెళ్తుంటే కుక్కలు తుమ్ముతూ లేచిపోయేవి. టీ కొట్టువాడు, "ఏడుకొండలన్నా, నువ్వొస్తే మా అత్తగారి ట్రంకుపెట్టె తెరిచినట్టుంటది" అనేవాడు.

నాలుగో రోజున సమాచార హక్కు చట్టం కింద మొదటి దరఖాస్తు వచ్చింది. రిటైరైన డ్రిల్లు మాస్టారొకాయన రికార్డును ప్రత్యక్షంగా పరిశీలించాలన్నారు. గంటసేపు ఉచితం. ఏడుకొండలుకు ఎదురుగా కుర్చీ వేసుకుని గంటసేపు తదేకంగా చూశారు.

"వెనకవైపు చూడొచ్చా?" అన్నారు లేచేముందు.

సుగుణాకరరావు నిబంధన చూసి, "చూడొచ్చు" అన్నాడు. ఏడుకొండలు అటు తిరిగాడు.

మాస్టారు తృప్తిగా తల ఊపి, "పారదర్శకత అంటే ఇదీ" అని వెళ్ళిపోయారు.

ఆ తరవాత జనం వరస కట్టారు. తన ఇల్లు ఏ పేజీలో ఉందో చూపమని ఓ ముసలమ్మ అడిగింది. పక్కింటివాడి గొట్టం తన స్థలంలోకి వచ్చిందని ఒకాయన నిజప్రతి అడిగితే, ఏడుకొండలు చెప్పడం, గుమాస్తా రాయడం, సుగుణాకరరావు ఆ కాగితాన్ని ఏడుకొండలు ముఖం పక్కన పెట్టి "మూలంతో సరిచూడడమైనది" అని సంతకం చేయడం జరిగింది. మొదట్లో ఇదంతా ఏడుకొండలుకు సరదాగానే ఉంది. కడుపులో చల్ల కదలకుండా కూర్చోబెట్టి గౌరవం చేస్తుంటే ఎవరికి చేదు? రథయాత్రకు నాలుగు రోజులుందనగా సెలవు కాగితం రాసి ఇచ్చాడు. అప్పుడు తెలిసింది అసలు సంగతి.

"శాశ్వత రికార్డు పట్టణ పొలిమేర దాటకూడదయ్యా" అన్నాడు సుగుణాకరరావు. అతని గొంతులో నిజంగానే బాధ ఉంది. "కోర్టు పిలిస్తే తప్ప."

"దేవుడు పిలుస్తన్నాడు సారూ."

"సమన్లు రావాలి."

రథయాత్రకు ముందురోజు, టికెట్లు ఇంట్లోనే ఉండగా, రైలు వాళ్ళు లేకుండా పోయింది. మస్తానమ్మ ఆ రోజు అన్నం వండి, పెట్టి, తాను తినలేదు. ఏమీ అనలేదు కూడా. ఏడుకొండలుకు భయం వేసింది. ముప్ఫై ఆరేళ్ళుగా ఆమె అంటూనే ఉంది. అననిది ఈ రోజే.

*

మర్నాడు ఏడుకొండలు కమిషనరుగారి గదికి వెళ్ళి చేతులు జోడించాడు. తనను వదిలించుకునే దారి ఒకటి రాత్రంతా ఆలోచించి పెట్టుకున్నాడు. అది నిజం చెప్పడం.

"అయ్యా, మీరు నన్ను పెద్ద చేశారు గానీ, నాకు తెలిసింది సగమే. మిగతా సగం నాగూరుకి తెలుసు. వాడు తవ్వినోడు, నేను అతికినోణ్ణి. గడ్డపార దిగేటప్పుడు చేతికి తెలుస్తదయ్యా కింద ఏముందో. అది నా తలకాయలో లేదు."

ఇది విని తనను పనికిరాని కాగితం కింద జమకట్టి ఇంటికి పంపేస్తారనుకున్నాడు. కమిషనరుగారు కుర్చీలోంచి లేచి అతని భుజం తట్టారు.

"అనగా రెండో సంపుటం కూడా ఉన్నదన్నమాట!"

మధ్యాహ్నానికి నాగూరును పట్టుకొచ్చారు. నాగూరు నలభై ఏళ్ళవాడు, మట్టిపని మనిషి, ఏడుకొండలును బాబాయ్ అని పిలుస్తాడు. వచ్చేటప్పుడు భుజాన గడ్డపార ఉంది. దాన్ని గుమ్మం దగ్గరే తీయించి, ముద్ర వేసి, బెంచీ మీద కూర్చోబెట్టారు. విచారణలో నాగూరు కూడా నిజమే చెప్పాడు. తనకన్నా పడమటి వీధి నాంచారయ్యకు ఎక్కువ తెలుసన్నాడు. నాంచారయ్య ఇంకో ఇద్దరి పేర్లు చెప్పాడు. ఇస్త్రీ బండి ఆదెమ్మ తన బండి కిందుగా ఎన్ని తీగలు వేశారో ఇరవై ఏళ్ళుగా చూస్తూనే ఉందని తేలింది. పది రోజుల్లో పేరలపాడు భూగర్భ పటం పదిహేడు సంపుటాలైంది. ఊళ్ళో గడ్డపార పట్టడం వచ్చిన ప్రతివాడూ రికార్డు గదిలో బెంచీల మీద వరస నంబరు ప్రకారం కూర్చున్నాడు. ఏడో సంపుటానికీ తొమ్మిదో సంపుటానికీ పొలం గట్టు తగాదా ఉండడంతో వాళ్ళ మధ్య ఎనిమిదో సంపుటం కదలడానికి వీల్లేకపోయింది.

"చేతులు దురద పెడతన్నయ్ బాబాయ్" అన్నాడు నాగూరు. "పొద్దస్తమానం కూకుంటే నడుం పట్టేసింది. కాసేపు ఆ పెరట్లో అన్నా తవ్వుకోనియ్యమను."

సుగుణాకరరావును అడిగితే పుస్తకం చూసి తల అడ్డంగా ఊపాడు. "రికార్డుకు మట్టి అంటకూడదు."

ఆ ఒక్క వాక్యంతో పేరలపాడు చరిత్ర మారిపోయింది. తవ్వగలిగినవాళ్ళంతా రికార్డులు. రికార్డులు తవ్వకూడదు. రికార్డులు కానివాళ్ళకు తవ్వడం రాదు. కుళాయిల గొట్టాలు వీధుల పక్కన పడి ఉన్నాయి. కాలువలు సగంలో ఆగాయి. పూడ్చడమూ మట్టిపనే కాబట్టి తెరిచిన గుంటలు తెరిచినట్టే ఉన్నాయి. జనం వాటిని గుర్తులుగా వాడుకోవడం మొదలుపెట్టారు. "మూడో గుంట దాటాక ఎడమ చేతి ఇల్లు" అని పెళ్ళిపత్రికల్లో వేయించుకున్నారు. పెళ్ళి పందిళ్ళకు గుంజలు పాతేవాళ్ళు లేక బంధువులే వంతులవారీగా గుంజలు పట్టుకుని నిలబడ్డారు.

ఒక్క కేబుల్ తెగలేదు.

తొంభై రోజులు ఒక్క కేబుల్ కూడా తెగలేదన్న సంగతి కమిషనరుగారు పై అధికారులకు రాశారు. వాళ్ళు ఇంకా పైకి రాశారు. దేశంలో ఏ పట్టణమూ సాధించలేని ఘనకార్యమని తేలింది. భువనేశ్వర్‌లో జరిగే పురపాలక సదస్సులో "భూగర్భ నష్టరహిత పట్టణం" బహుమతి పేరలపాడుకు ప్రకటించారు. కింద ఓ షరతు: "పరిశీలనార్థము పటము యొక్క మూలప్రతిని వెంట తీసుకొని రావలెను."

సుగుణాకరరావు ఆ ఉత్తరం మూడుసార్లు చదివి ఏడుకొండలు దగ్గరికి వచ్చాడు. "ఏడుకొండలూ, సమన్లు వచ్చినయ్" అన్నాడు.

భువనేశ్వర్ అనగానే ఏడుకొండలు బెంచీ మీంచి లేచాడు. అక్కణ్ణించి పూరీ రెండు గంటల దారి అని అతనికి తెలుసు. రథయాత్ర అయిపోతే పోయింది, సముద్రం అయిపోలేదు గదా!

"మా ఇంటిదాన్ని తీసుకుపోవచ్చా సారూ?"

"రికార్డుతో పాటు మనిషి ప్రయాణం కుదరదు." సుగుణాకరరావు కాసేపు గోడకేసి చూశాడు. పెరట్లో రోజూ గోడవైపు తిరిగి నిలబడి నిలబడి అతనికి ఈ దంపతుల మీద ఏదో మమకారం పుట్టింది. "జతపరచిన పత్రమైతే తీసుకుపోవచ్చు. దేనికి ఎప్పుడు జతపరిచారో తేదీ ఉండాలి."

"ముప్ఫై ఆరేళ్ళ కింద, మాఘమాసంలో" అంది మస్తానమ్మ. తేదీ, తిథి, పురోహితుడి పేరు కూడా చెప్పింది. సుగుణాకరరావు అన్నీ రాసుకున్నాడు.

*

రైల్లో ఏడుకొండలును చుట్టూ తెల్ల నాడాతో కట్టి, ముడి మీద లక్క ముద్ర వేసి కూర్చోబెట్టారు. టికెట్లు చూడ్డానికి వచ్చినాయన అతన్ని చూసి ఆగిపోయాడు.

"ఈయన టికెట్ ఏది?"

"రికార్డుకు టికెట్ ఉండదండి. నా లగేజీ" అన్నాడు సుగుణాకరరావు.

"లగేజీ బెర్తు మీద కూర్చోకూడదు. సీటు కిందికి తొయ్యండి."

సుగుణాకరరావు సీటు కిందికి వంగి చూశాడు. ఖాళీ చాలదు. ఏడుకొండలు కూడా వంగి చూశాడు. అప్పుడు మస్తానమ్మ సంచిలో చెయ్యి పెట్టి రెండు టికెట్లు తీసి ఆయన చేతిలో పెట్టింది.

"నేను తీశాను సారూ. ఒకటి నాకు, ఒకటి లగేజీకి. మీరు పొండి."

సదస్సులో పెద్ద హాలు, పూలు, దీపాలు. పరిశీలన సంఘంలో ఒకాయనది బరంపురం. ఆయనకు తెలుగు వచ్చు. ఏడుకొండలు నాడా విప్పించి, కళ్ళజోడు సర్దుకుని, పటం పరీక్ష మొదలుపెట్టారు.

"స్కేలు ఎంత?"

"ఐదడుగుల నాలుగంగుళాలండి" అన్నాడు సుగుణాకరరావు రిజిస్టరు చూసి.

"ఉత్తర దిక్కు సూచించే గుర్తు?"

ఏడుకొండలు ఆలోచించి చెయ్యి ఎత్తి చూపించాడు. సంఘంవాళ్ళు దిక్సూచి పెట్టి చూశారు. సరిగ్గా ఉత్తరమే. హాలంతా చప్పట్లు. కమిషనరుగారు వేదిక మీద ఉపన్యసించారు. "త్రవ్వకము వలన నష్టము కలుగును. కావున మేము త్రవ్వకమును నిర్మూలించితిమి. మా పట్టణమున గత తొంభై దినములుగా మట్టి పెళ్ళ కూడ కదలలేదని సగర్వముగా మనవి చేయుచున్నాను." మిగతా పట్టణాల కమిషనర్లు గబగబా రాసుకోవడం ఏడుకొండలు చూశాడు. వాళ్ళ ఊళ్ళ నాగూరులు గుర్తొచ్చి అతనికి జాలేసింది.

బహుమతి తీసుకుని కమిషనరుగారు విమానంలో వెళ్ళిపోయారు. బరంపురం ఆయన సుగుణాకరరావును పిలిచి చెప్పారు. "మూలప్రతి మూడు నెలలు మా దగ్గర ఉంచాలి. లోతైన పరిశీలన ఉంది."

ఇరవై ఆరేళ్ళలో సుగుణాకరరావు కాగితం ముక్క కూడా ఎక్కడా వదిలి రాలేదు. "రసీదు ఇస్తారా?" అన్నాడు.

ఇచ్చారు. "శాశ్వత రికార్డు నంబరు ఒకటి, మంచి స్థితిలో అందినది. జతపరచినది ఒకటి." కింద సంతకం, గుండ్రటి ముద్ర. సుగుణాకరరావు దాన్ని వెలుతురులో పెట్టి చూసి, మడిచి, లోపలి జేబులో పెట్టుకున్నాడు. అప్పుడు అతని ముఖంలోకి వచ్చిన ప్రశాంతత ఏడుకొండలు ఎన్నడూ చూడలేదు. ఇరవై ఆరేళ్ళ భయం ఒక్క రసీదుతో దిగిపోయినట్టుంది.

"వస్తానమ్మా" అన్నాడు మస్తానమ్మతో. "ఇక ఈయన తడిసినా నా పూచీ లేదు."

సుగుణాకరరావు వెళ్ళాక అక్కడి బంట్రోతు వీళ్ళిద్దర్నీ రికార్డు గదికి తీసుకెళ్ళి తలుపు తోశాడు. నేల నుంచి పైకప్పు దాకా ఫైళ్ళే. తలుపు సగమే తెరుచుకుంది. బంట్రోతు ఆ సందులోంచి తొంగి చూసి, ఏడుకొండలును చూసి, మళ్ళీ సందును చూసి, చేతులెత్తేశాడు. వరండాలో బెంచీ చూపించాడు. ఐదు గంటలకు ఆఫీసుకు తాళం వేసుకుని, సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

వరండాలో ఇద్దరే మిగిలారు. ఏడుకొండలు ఇటూ అటూ చూశాడు. "ఇప్పుడు నన్నెవురు చూసుకోవాల?" అన్నాడు.

మస్తానమ్మ లేచి సంచి భుజాన వేసుకుంది. "బస్సు స్టాండు ఎటో కనుక్కోపో."

*

పూరీలో తెలుగు జాలర్ల పేటలో ఓ గది దొరికింది. మొదటి రోజు మస్తానమ్మ సముద్రాన్ని చూసి చాలాసేపు మాట్లాడలేదు. ఏడుకొండలుకు మళ్ళీ భయం వేసింది గానీ, ఈ మౌనం వేరు. చివరికి ఆమె, "ఇంత నీళ్ళు పెట్టుకుని వీళ్ళకు కుళాయిలెందుకో" అంది. అతను హాయిగా నవ్వాడు. జేబుల్లోని కలరా ఉండలు ఒక్కొక్కటే తీసి అలల్లోకి విసిరాడు. దేవుణ్ణి రెండుసార్లు చూశారు, సముద్రాన్ని రోజుకు ఐదుసార్లు.

పది రోజుల తరవాత నాగూరు ఫోను చేశాడు. వాడి గొంతు వెనక ఎక్కడో గడ్డపార చప్పుడు.

"బాబాయ్, నువ్వు దారిలో ఉన్నావంట గదా?"

"ఎవురన్నారు?"

"ఆఫీసులో రాసుకున్నారు. మనోళ్ళు భువనేశ్వరానికి ఉత్తరం రాశారంట, మా రికార్డు క్షేమమా అని. ఆళ్ళు గది తెరిచి చూసి, లోపల నువ్వు లేవు కాబట్టి తిరిగి పంపించేసినట్టే అని జవాబు రాశారంట. ఈడ నువ్వు లేవు, ఆడ నువ్వు లేవు. అందుకని దారిలో ఉన్నట్టు రిజిస్టర్లో ఎక్కించారు. రెండు ఊళ్ళలోనూ కాయితాలు సక్రమంగా ఉన్నయ్. కమిషనరుగారు చాలా సంతోషించారు."

"మరి మీరు?"

"మొదటి సంపుటం లేకుండా మిగతావి చెల్లవంట బాబాయ్. మమ్మల్ని ఇళ్ళకు పొమ్మన్నారు. పొద్దున్నించి ఏడు గుంటలు పూడ్చాను. ఒళ్ళంతా హాయిగా నొప్పులు!" ఆ వెంటనే "ఎప్పుడొస్తావు?" అన్నాడు.

ఏడుకొండలు మస్తానమ్మ వైపు చూశాడు. ఆమె గుమ్మంలో కూర్చుని పక్కింటామెతో ఎండు చేపల బేరం ఆడుతోంది. ఆ ఊరి భాష కూడా నాలుగు ముక్కలు పట్టేసింది.

"దారిలో ఉన్నాను గదరా" అన్నాడు ఏడుకొండలు. "నిదానంగా వస్తా."

ఆ సాయంత్రం ఇద్దరూ ఒడ్డు వెంట ఉన్న రోడ్డు మీద షికారుకు బయల్దేరారు. బఠాణీల బళ్ళు, గవ్వల దుకాణాలు, స్తంభానికి కట్టిన మైకులోంచి భజన పాటలు. దారి పక్కన కొత్త దీపస్తంభం కోసం ముగ్గురు మనుషులు గుంట తీస్తున్నారు. ఒకడు గడ్డపార తల మీదికి ఎత్తాడు.

"ఆగు!" అని ఏడుకొండలు అరిచాడు. అరిచాక గానీ అరిచిన సంగతి అతనికి తెలియలేదు.

గడ్డపార గాల్లో ఆగింది. టోపీ పెట్టుకున్న సూపర్‌వైజరు పరుగెత్తుకొచ్చాడు. అతను ఆ పేట తెలుగువాడే. "ఏంటి బాబూ, కింద ఏముంది?"

"ఎడంవైపు మూరెడు జరిగి తవ్వుకోండి" అన్నాడు ఏడుకొండలు. మాట దానంతటదే వచ్చింది.

సూపర్‌వైజరు కళ్ళు పెద్దవయ్యాయి. మనుషుల్ని మూరెడు పక్కకు జరిపించాడు. చంకలోంచి అట్ట తీసి, పెన్ను మూత విప్పాడు. "ఇదంతా మీకెలా తెలుసు? పటం లేక చచ్చిపోతున్నాం బాబూ, మా ఆఫీసరుగారికి చెప్తాను. మీ పేరేంటి? ఎక్కడుంటారు?"

మస్తానమ్మ మొగుడి మోచెయ్యి పట్టుకుంది. "ఆయనకు పేరు లేదు నాయనా" అని చెప్పి, అతన్ని లాక్కుంటూ గబగబా నడిచింది. వంద అడుగులు దాటాక గానీ వెనక్కి తిరగలేదు. అక్కడ ఆగి, ఆయాసం తీర్చుకుంటూ అడిగింది.

"నిజంగా ఆడ కేబులుందా?"

"ఏమో!" అన్నాడు ఏడుకొండలు. "ఈ ఊరు నాకు కొత్త గదే. గడ్డపార లేచేటప్పటికి నోరు ఊరుకోలా."

"మరి ఎడంవైపు జరగమన్నావే?"

"ఏదో ఒక పక్కకి జరగమనాల గదా."

వెనక నుంచి ఫట్‌మని చప్పుడైంది. ఒక్క ఉదుటున గుంటలోంచి బయటికి దూకిన మనిషి నిక్షేపంగా నిలబడి తిట్లు లంకించుకున్నాడు. మైకులో భజన పాట చరణం మధ్యలో ఆగిపోయింది. గవ్వల దుకాణాల్లో దీపాలు ఒకదాని తరవాత ఒకటి, వరసగా, వాళ్ళున్న వైపుకే ఆరిపోతూ వచ్చాయి. "ఆ బాబుని పట్టుకోండి!" అని సూపర్‌వైజరు గొంతు వినిపించింది.

ఏడుకొండలు మస్తానమ్మ ముఖంలోకి బిక్కచూపులు చూశాడు. ఆమె వంగి, రెండు చెప్పులూ చేతిలోకి తీసుకుని, చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుంది.

"ఊఁ, పద" అంది నవ్వాపుకోలేక. "ఇసకలో ఎవురు ముందో చూద్దాం."